డాంబరు దాటితే దిగబడే బండ్లేనా మనకు?

కార్ల ప్రకటనల్లో బురద ఎంత ముచ్చటగా ఉంటుందో! బండి వాగు దాటుతుంది, గుట్ట ఎక్కుతుంది, ఇసుకలో దుమ్ము లేపుకుంటూ పోతుంది. ఆ బండినే కొని వానకాలంలో ఏటూరునాగారం అవతలి గూడేనికో, తిర్యాణి గుట్టల్లోని తండాకో తీసుకపోతే అసలు కథ తెలుస్తుంది. మొదటి ఒర్రె దగ్గరే ముందు చక్రాలు గిరగిరా తిరుగుతుంటాయి, బండి మాత్రం కదలదు. ఊర్లోంచి ట్రాక్టరు రావాలె, మోకు కట్టాలె, గుంజాలె. పది లక్షలు పెట్టి కొన్న బండిని చివరికి ఒడ్డుకు తెచ్చేది రైతు ట్రాక్టరే.

ఎందుకిట్లా? ఎత్తుగా కనబడే బండి వేరు, ఎగుడుదిగుడు తొవ్వలో నడిచే బండి వేరు. ఇయ్యాల మన రోడ్ల మీద ఎస్‌యూవీ పేరుతో ఎక్కువగా తిరిగే బ్రెజా, నెక్సాన్, క్రెటా లాంటి బండ్లన్నీ ముందు చక్రాల బలం మీద నడిచేవే. వెనుక చక్రాలు బండి వెంట దొర్లుతాయి, అంతే. పట్నంలో అవి మంచి బండ్లే, కాదనేవాళ్ళు లేరు. కానీ వాటిని చూసి దేశంలో ఎక్కడికైనా పోగల బండ్లు వచ్చేశాయని అనుకుంటే మోసపోయినట్టే. నిజంగా నాలుగు చక్రాలూ తిరిగే బండి కావాలంటే ఇయ్యాల రెండే తొవ్వలు. ఒకటి, బరువైన, తాగుబోతు బండి కొనాలె. రెండు, చిన్న బండికి పెద్ద బండి పన్ను కట్టాలె. నడిమధ్య మనిషికి, నడిమధ్య ఊరికి ఏమీ లేదు.

ఇది షోకుల ముచ్చట కాదు. వీకెండ్ నాడు బురదలో ఆడుకునే పట్నం పిల్లల కోసం ఈ మాటలు రాయడం లేదు. వాళ్ళకు లక్షల రూపాయల బండ్లు ఇప్పటికే ఉన్నాయి.

ఎవరికి కావాలె?

గూడేలు తిరిగే ఏఎన్‌ఎంకు కావాలె. టీకా మందు ఐసు డబ్బాలో పెట్టుకొని ఆమె ఇయ్యాల ఆటో ఎక్కుతుంది. ఆటో ఆగిన దగ్గర నుంచి నడుస్తుంది. గాలివానకు స్తంభాలు ఒరిగితే అడవిలోకి పోవాల్సిన లైన్‌మన్‌కు కావాలె. బీటు తిరిగే ఫారెస్టు ఉద్యోగికి, బియ్యం చేర్చే రేషన్ డీలరుకు, వారానికి ఒక్కసారి అంగడికి మిర్చి, పత్తి, ఇప్పపువ్వు తెచ్చే మనిషికి కావాలె. అందరికంటే ముందు నొప్పులు మొదలైన ఆడబిడ్డకు కావాలె.

2005 ఆగస్టు 15న 108 మొదలైంది. ఆ సర్వీసు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ 108 అంటే ఏమిటి? పొడుగాటి వ్యాను. డాంబరు రోడ్డు మీద దానికి తిరుగులేదు. రోడ్డు ఆగిన దగ్గర అదీ ఆగిపోతుంది. అక్కడి నుంచి గూడెం దాకా ఉన్న మూడు కిలోమీటర్లో, ఐదు కిలోమీటర్లో మంచం మీద మోయాలె. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో అయితే డోలీ కట్టాలె. ఏటా వానకాలం వస్తే పేపర్లలో అదే ఫొటో. మనుషులు మారతారు, డోలీ మారదు. ఆ ఫొటో అచ్చయినప్పుడల్లా మనం అయ్యో అనుకుంటాం, మంత్రి విచారణకు ఆదేశిస్తాడు, తర్వాతి వానకు మళ్ళీ అదే. ఆ నడిమి కిలోమీటర్లకు సరిపోయే బండి మన దగ్గర లేదన్న సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. మన్యంలో బైకు అంబులెన్సులు పెట్టి చూశారు. ఏమీ లేనిదానికంటే అది నయమే. కానీ సోయి తప్పిన మనిషిని, నొప్పులు పడుతున్న తల్లిని బైకు పక్కన కట్టిన తొట్టిలో ఎంత దూరం తీసుకపోతాం?

బండి లేని చోట ప్రజలు చేతులు కట్టుకొని కూర్చోరు. ఉన్నదానితోనే సర్దుకుంటారు. అట్లా సర్దుకున్నదే ట్రాక్టరు. పెళ్ళికి ట్రాక్టరు, కూలికి ట్రాక్టరు, దవాఖానకు ట్రాక్టరు. కానీ ట్రాక్టరు ఎవుసానికి పుట్టిన బండి, మనుషులను మోయడానికి కాదు. ట్రాలీకి స్ప్రింగులు అంతంతే, కూర్చునే తావు లేదు, పట్టుకునే ఆసరా లేదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీలను తీసుకపోతున్న ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. పొలం పనికి బయలుదేరిన ఆడవాళ్ళే అందులో ఎక్కువ. డ్రైవరు తప్పా, కట్ట తప్పా అని ఆ రోజు అందరూ అడిగారు. కాల్వ కట్టల మీద, పొలాల నడుమ మనుషులను క్షేమంగా తీసుకపోయే బండి ఈ దేశంలో పేదోడికి ఎందుకు దొరకదని మాత్రం ఎవరూ అడగలేదు.

బలం బరువులో లేదు

పెద్ద బండి అయితేనే బురద దాటుతుందన్న భ్రమ ఒకటి మనలో పాతుకపోయింది. రేగడి నేలను ఎరిగిన రైతుకు ఈ భ్రమ ఉండదు. తడిసిన రేగడిలో బరువైన ఎద్దుకంటే తేలికైన ఎద్దే తొందరగా అడుగు తీస్తుంది. బండికీ అదే సూత్రం. చక్రం కింద నేల ఎంత బరువు మోయగలదు అన్నదే మొదటి లెక్క. రెండు టన్నుల బండి దిగబడితే జేసీబీ కావాలె. టన్ను లోపు బండి దిగబడితే నలుగురు మనుషులు భుజం పెడితే లేస్తుంది. అడవిలో జేసీబీ దొరకదు, మనుషులు దొరుకుతారు.

రెండో లెక్క చక్రాలది. బండి మూల తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలె. ఆ తేడాను సర్దేది డిఫరెన్షియల్. రోడ్డు మీద అది మంచి గుణమే. బురదలో మాత్రం అదే అవగుణం. పట్టు లేని చక్రం గిరగిరా తిరుగుతుంది, పట్టున్న చక్రానికి బలం అందదు. అందుకే నాలుగు చక్రాలకూ బలం పంచే ఏర్పాటు ఉండాలె. జారే చక్రాన్ని లాకుతోనో, బ్రేకుతోనో పట్టి ఆపే ఏర్పాటు కూడా ఉండాలె.

మూడోది లో గేరు. ట్రాన్స్‌ఫర్ కేసులో ఉండే ఈ రెండో వరుస గేరు వేస్తే వేగం సగానికి తగ్గి, చక్రం దగ్గర బలం రెట్టింపు అవుతుంది. జిమ్నీలో ఈ నిష్పత్తి దాదాపు సరిగ్గా రెండు. అంటే చిన్న ఇంజినే లో గేరు వేసుకొని పెద్ద ఇంజిను పని చేస్తుంది. గుట్ట ఎక్కడానికి రెండు వేల సీసీ ఇంజిను అక్కరలేదు. కావలసినది ఒక గేరు. ఆ గేరు లేకపోవడం వల్లనే పెద్ద ఇంజిను, పెద్ద ఇంజిను వల్ల పెద్ద బరువు, పెద్ద బరువు వల్ల పెద్ద ఖర్చు. చిన్న బండి ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇది ఊహ కాదు, ప్రపంచం చేసి చూపించిన పని. 1959లో ఆస్ట్రియా వాళ్ళు హాఫ్లింగర్ అనే బండి తెచ్చారు. ఇంజిను 643 సీసీ మాత్రమే. ఆల్ప్స్ కొండలెక్కింది. 1970లో సుజుకీ మొదటి జిమ్నీ తెచ్చింది. ఇంజిను 359 సీసీ, బలం 25 గుర్రాలు, బరువు ఆరు వందల కిలోల లోపే. మన బుల్లెట్ మోటారు సైకిల్ ఇంజినుకు ఇంచుమించు సమానమైన ఇంజినుతో నాలుగు చక్రాల బండి గుట్టలెక్కిందన్నమాట. 1983లో ఇటలీ వాళ్ళు ఫియట్ పాండాకు నాలుగు చక్రాల బలం ఇచ్చారు. ఇంజిను వెయ్యి సీసీ కూడా లేదు. మంచు కొండల పల్లెల్లో రైతులు, పోస్టుమన్లు దానిని ఏండ్ల తరబడి వాడుకున్నారు.

ఇక జపాన్ ముచ్చట. అక్కడ కే ట్రక్కు అని ఒక తరగతి బండ్లున్నాయి. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటొద్దు. ఇంజిను 660 సీసీ దాటొద్దు. మోసే బరువు 350 కిలోలు. ఈ హద్దుల్లో ఉంటే పన్ను తక్కువ. సుజుకీ క్యారీ, డైహట్సు హైజెట్ లాంటి ఈ బండ్లకు నాలుగు చక్రాల బలం, పొలంలో నడవడానికి ప్రత్యేకమైన తక్కువ గేరు కూడా ఇస్తారు. వరి మడుల గట్ల మీద, తోటల్లో, కొండ ఊర్లలో జపాన్ రైతు చేతి పనిముట్టు అది. మన సూపర్ క్యారీ కూడా ఆ సుజుకీ కుటుంబపు బండే. 2016లో ఇక్కడికి వచ్చింది. 2005లో వచ్చి చిన్న వ్యాపారుల బతుకు మార్చిన టాటా ఏస్‌ను మనం ఛోటా హాథీ అని ముద్దుగా పిలుచుకున్నాం. ఈ రెండింటికీ వెనుక చక్రాలకే బలం. జపాన్ రైతుకు నాలుగు చక్రాలు, మన రైతుకు రెండు. జపాన్ మడిలో ఉన్నదే బురదనా, మన మడిలో ఉన్నది పన్నీరా?

కార్లలోనూ ఇదే తీరు. యూరప్‌లో, జపాన్‌లో స్విఫ్ట్, ఇగ్నిస్ కార్లను 1200 సీసీ ఇంజినుతోనే నాలుగు చక్రాల బలం ఇచ్చి అమ్మారు. వాటికి లో గేరు లేదు, నిజమే. అయినా మంచులో జారకుండా నడిచే బండ్లు అవి. అవే పేర్లతో ఇక్కడ అమ్మిన కార్లకు ముందు చక్రాలే గతి.

చేతికొచ్చిన బండిని పోగొట్టుకున్నాం

మనకు ఒకప్పుడు ఇట్లాంటి బండి ఉండేది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. అప్పుడు మారుతిలో పెద్ద వాటా ప్రభుత్వానిదే. మొదట 970 సీసీ ఇంజిను, తర్వాత 1300 సీసీ. బరువు టన్ను లోపే. నాలుగు చక్రాల బలం, లో గేరు రెండూ ఉండేవి. సైన్యం, పోలీసులు, ఫారెస్టు వాళ్ళు దానితో తిరగని కొండ లేదు, అడవి లేదు. టైగర్ రిజర్వులకు పోయినవాళ్ళు అందరూ జిప్సీ ఎక్కే ఉంటారు. దాని లోపాలూ తక్కువేం కాదు. పెట్రోలు బాగా తాగేది, వెనుక కూర్చుంటే నడుములు విరిగేవి, ప్రమాదం జరిగితే కాపాడే ఏర్పాట్లు లేవు. కొత్త భద్రతా నిబంధనలు, కాలుష్య నిబంధనలు వచ్చేసరికి 2019లో మామూలు జనానికి అమ్మకం ఆగిపోయింది. సైన్యానికి మాత్రం ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు సరఫరా చేశారు. నిబంధనలు తప్పని ఎవరూ అనరు. మనిషి ప్రాణం కంటే బండి ఎక్కువ కాదు. కానీ ముప్పై ఏండ్లకు పైగా ఒకే బండిని అట్లనే నడిపించి, పొదుపైన ఇంజిను, గట్టి బాడీ పెట్టకుండా, చివరికి నిబంధనల పేరు చెప్పి పక్కన పెట్టడం ఎవరి తప్పు?

2023 జూన్‌లో జిమ్నీ వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1462 సీసీ పెట్రోలు ఇంజిను, పన్నెండు వందల కిలోలకు అటూ ఇటూ బరువు, లో గేరు, ఆరు ఎయిర్‌బ్యాగులు. పరీక్షలో తేలిన మైలేజీ లీటరుకు 16.94 కిలోమీటర్లు. తొవ్వల మీద అంత రాదు, ఏ బండికీ రాదు. అయినా ఈ తరగతిలో ఇది మంచి లెక్కే. చిక్కంతా ధరలో ఉంది. ఎక్స్ షోరూం ధర 12.74 లక్షల దగ్గర మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరే ఆ ధరకు వెనుకాడితే గూడెంలో ఆశా వర్కరుకు అది అందుతుందా? ఇక్కడ అమ్మకాలు ఆశించినట్టు సాగలేదు. అదే బండిని గురుగ్రామ్‌లో తయారుచేసి 2025 జనవరి చివర జపాన్‌కు పంపితే, నాలుగు రోజుల్లో 50 వేల ఆర్డర్లు వచ్చి బుకింగులే ఆపేశారు. మన మట్టి మీద తయారైన బండి మన బురదకు అందదు, పరాయి దేశం లైను కట్టి కొంటుంది!

పన్ను రాసినోళ్ళకు మట్టి తొవ్వ తెలుసా?

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. 2013-14 బడ్జెట్‌లో ఎస్‌యూవీల మీద ఎక్సైజు సుంకం 27 శాతం నుంచి 30 శాతానికి పెంచారు. అవి రోడ్డు మీద, పార్కింగులో ఎక్కువ జాగ ఆక్రమిస్తాయి కాబట్టి ఎక్కువ కట్టాలె అన్నారు. ఎస్‌యూవీని గుర్తుపట్టడానికి మూడు గుర్తులు పెట్టారు. పొడవు నాలుగు మీటర్లు దాటాలె, ఇంజిను 1500 సీసీ దాటాలె, నేలకూ బండి కడుపుకూ నడుమ జాగ 170 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉండాలె. ఆ తర్వాత ఇదే 170 జీఎస్టీ నిర్వచనాల్లోకీ వచ్చింది. పొడవుకు పన్ను వేయండి, ఒప్పుకుంటాం. పెద్ద ఇంజినుకు వేయండి, ఇంకా ఒప్పుకుంటాం. కానీ బండి కడుపు రాయికి తగలకుండా ఉండాలని కోరుకోవడం కూడా విలాసమేనా? పార్కింగు జాగ లెక్క తెలిసిన ఢిల్లీకి తొవ్వల మీది రాళ్ళ లెక్క తెలియదు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. ఈ పట్టికను జాగ్రత్తగా చూడండి. ట్రాక్టరుకు 5 శాతం. 350 సీసీ లోపు మోటారు సైకిలుకు 18 శాతం. నాలుగు మీటర్ల లోపు ఉండి 1200 సీసీ దాటని పెట్రోలు కారుకు, 1500 సీసీ దాటని డీజిలు కారుకు 18 శాతం. మిగతా కార్లకు 40 శాతం. జిమ్నీ పొడవులో చిన్న కారే. ఇంజిను మాత్రం 262 సీసీ ఎక్కువైంది కాబట్టి కోటి రూపాయల కారు వరుసలో నిలబడి 40 శాతం కట్టాలె. పట్నంలో ఆఫీసుకు పోయే చిన్న కారుకు 18, అడవిలో దవాఖానకు పోయే చిన్న కారుకు 40. ఇదెక్కడి న్యాయం?

పన్ను బండి రూపాన్ని ఎట్లా మారుస్తుందో చూడాలంటే థార్ చూడండి. 2023లో మహీంద్రా థార్‌కు 1500 సీసీ లోపు డీజిలు ఇంజిను పెట్టి తక్కువ పన్ను వరుసలోకి తెచ్చింది. ధర తగ్గింది, సంతోషం. కానీ ఆ ఇంజినుతో వచ్చిన థార్‌కు వెనుక చక్రాల బలం మాత్రమే ఇచ్చారు. నాలుగు చక్రాలు కావాలంటే పెద్ద ఇంజిను కొనాలె, పెద్ద పన్ను కట్టాలె. అంటే పేదోడికి థార్ రూపం, ఉన్నోడికి థార్ పని!

మైలేజీ నిబంధనల సంగతీ ఇట్లనే ఉంది. కంపెనీ అమ్మే బండ్లన్నింటి సగటు చూసి కాలుష్యానికి హద్దు పెట్టే కెఫే నిబంధనలు 2017-18 నుంచి ఉన్నాయి. ఆ లెక్కలో బండ్ల సగటు బరువు పెరిగితే కంపెనీకి ఇచ్చే హద్దు కూడా సడలుతుంది. తేలికైన బండి చేసినోడికి బిగువు, బరువైన బండి చేసినోడికి సడలింపు. ఇంధనం మిగిల్చే తొవ్వ ఇదేనా?

ఇంధనం లెక్కను చిన్నగా తీసిపారేయొద్దు. హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 2021లోనే వంద దాటింది. ఏజెన్సీలో నెలకు 1500 కిలోమీటర్లు తిరిగే ఒక సర్కారు బండిని లెక్కకు తీసుకోండి. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే బండికి 150 లీటర్లు కావాలె. 17 ఇచ్చే బండికి 88 లీటర్లు చాలు. నెలకు 62 లీటర్లు, ఏడాదికి 744 లీటర్లు మిగులుతాయి. లీటరు వందకే లెక్కగట్టినా 74 వేల రూపాయలు. డీజిలు పైసలు రాలేదని బండి మూలకు పెట్టే ఆఫీసులకు ఈ లెక్క ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? పొదుపైన బండి అంటే కంజూసు బండి కాదు, నెలాఖరున కూడా ఊరికి వచ్చే బండి.

ముందు రోడ్లేయండి అనేవాళ్ళకు

ఈ మాట అనగానే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. బండ్లెందుకు, రోడ్లేయండి అంటారు. వేయండి, ఎవరొద్దన్నారు? రోడ్డు కోసం కొట్లాడటం ఒక్క రోజు కూడా ఆపొద్దు. కానీ లెక్క చూడండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానంలో 500 మంది, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 మంది ఉంటేనే ఊరికి అర్హత. నక్సల్ ప్రభావిత ప్రాంతాలకు సడలించి వంద చేశారు. చెంచులు, కోలాములు, కొండరెడ్లు, తోటీల లాంటి ఆదిమ గిరిజనుల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లోనూ రోడ్డుకు హద్దు వంద మందే. నల్లమలలో ఇరవై, ముప్పై గుడిసెల చెంచు పెంట సంగతేమిటి? అది ఏ హద్దులోనూ పడదు. పైగా అడవిలో, అందులోనూ టైగర్ రిజర్వులో డాంబరు పోయాలంటే సవాలక్ష అనుమతులు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ సిఫారసుతో హెక్టారు లోపు అటవీ భూమిని రోడ్డుకు వాడుకునే వీలు ఇచ్చింది. ఆ వీలు కాగితం మీద నుంచి నేల మీదికి దిగడానికే ఏండ్లు పడుతున్నాయి. అప్పటిదాకా ఆ పెంటలో పుట్టే బిడ్డ ఆగుతుందా?

వేసిన రోడ్డైనా నిలుస్తుందా? 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు అంత వాన నమోదు కాలేదు. కల్వర్టులు కొట్టుకపోయాయి, డాంబరు చెక్కలు చెక్కలుగా లేచింది. ఒక మాట గట్టిగా చెప్పుకోవాలె. పారే వరదలోకి ఏ కారూ దిగొద్దు, ఎంత గొప్ప బండైనా దిగొద్దు. అక్కడ పని పడవది, హెలికాప్టరుది. మనం అడిగేది వరద తగ్గిన తెల్లవారి నుంచి మొదలయ్యే రోజుల కోసం. తెగిన రోడ్డు బాగయ్యేదాకా మందులు, బియ్యం, డాక్టరు ఆ తొవ్వన పోవాలె. వానలు ఇట్లా కుండపోతగా మారుతున్న కాలంలో రోడ్డున్న ఊరు కూడా ఏడాదిలో కొన్ని రోజులు రోడ్డు లేని ఊరే.

అడవి పాడవుతుందని ఇంకొందరు అంటారు. న్యాయమైన భయమే. అందుకే తేలికైన బండి అడుగుతున్నాం. రెండు టన్నుల బండి చేసే గాడి వేరు, టన్ను లోపు బండి చేసే గాడి వేరు. ఉన్న తొవ్వ మీదనే, ఊరి పనికే అన్న షరతు పెట్టండి. అడవిలో ఆటలాడే బండ్లను ఆపండి, మేమే తోడొస్తాం.

కొనేవాళ్ళు లేరు కాబట్టి చేయడం లేదని కంపెనీలు అంటాయి. కొనేవాళ్ళు ఉన్నారు, కొనగలిగే ధర లేదు. పైగా మొదటి కొనుగోలుదారు సర్కారే కావాలె. సర్కారు ఏం కొన్నదో గుర్తు చేసుకుందాం. 2014లో రాష్ట్రం వచ్చిన కొత్తలో హైదరాబాద్ పోలీసులకు ఇన్నోవాలు కొన్నారు. 2021 జూన్‌లో అదనపు కలెక్టర్లకు 32 కియా కార్నివాల్ కార్లు కొన్నారు. కార్నివాల్ అయిదు మీటర్లు దాటిన పొడవు, ముందు చక్రాల బలం. ఆసిఫాబాద్ అడవుల్లో, భూపాలపల్లి ఒర్రెల్లో అది ఎంతదూరం పోతుంది? పోలేదంటే అధికారీ పోలేదన్నట్టే. అధికారి బండి ఆగిన దగ్గరే ప్రభుత్వం ఆగిపోతుంది. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో కూడా కుర్చీకి తగ్గ బండి కొంటారు గానీ తొవ్వకు తగ్గ బండి కొనరా?

చేయడం చేతకాదా?

చేతకాక కాదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన ఆయుధ కర్మాగారం నీళ్ళల్లో ఈదే, బురద దాటే యుద్ధ శకటాలు తయారుచేస్తుంది. యుద్ధానికి బురద దాటే బండి చేయగలిగిన నేల, ప్రసవానికి బురద దాటే బండి చేయలేదా? జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యేవి. అదే జహీరాబాద్‌లో మహీంద్రా ఇప్పుడు ట్రాక్టర్లు చేస్తుంది, 2015లో వచ్చిన జీతో అనే బుల్లి సరకు బండి చేస్తుంది. చిన్న ఇంజిను అక్కడే ఉంది, ట్రాక్టరు గేర్లు చేసే చేతులూ అక్కడే ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపే ఆలోచనే లేదు. అడిగేవాళ్ళు లేకపోతే కంపెనీ ఎందుకు ఆలోచిస్తుంది?

కరెంటు బండ్ల కాలం వస్తున్నది కదా అంటే, అదీ మంచి మోకానే. ముందు ఇరుసుకు ఒక మోటారు, వెనుక ఇరుసుకు ఒక మోటారు పెడితే మధ్యలో బరువైన గేరు పెట్టెలు అక్కరలేదు. మోటారు బలం మొదటి చుట్టు నుంచే అందుతుంది. కరెంటు బండికి జీఎస్టీ 5 శాతమే. కానీ 2025లో వచ్చిన టాటా హ్యారియర్ ఈవీ లాంటి రెండు మోటార్ల బండ్లు పెద్దోళ్ళ ధరల్లోనే ఉన్నాయి. కరెంటు నిలకడగా రాని గూడేనికి చార్జింగు ఎట్లా అన్న ప్రశ్నా ఉంది. పీహెచ్‌సీ మీద సోలారు పలకలు పెట్టి ఆ బండికే చార్జింగు ఇచ్చే ఏర్పాటు చేస్తే చిన్న కరెంటు బండి కూడా పనికొస్తుంది. పెట్రోలా, కరెంటా అన్న పేచీ మనది కాదు. చిన్నది కావాలె, తేలిక కావాలె, నాలుగు చక్రాలూ పనిచేయాలె, పేదోడి పర్సుకు అందాలె.

కాబట్టి అడగాల్సినవి నాలుగే. ఒకటి, జీఎస్టీలో ఊరి తొవ్వ బండి అని ఒక కొత్త తరగతి పెట్టాలె. పొడవు నాలుగు మీటర్ల లోపు, బరువు పన్నెండు వందల కిలోల లోపు, నాలుగు చక్రాల బలం, లో గేరు ఉంటే ఇంజిను 1500 సీసీ దాకా 18 శాతమే వేయాలె. దవాఖానలకు, పంచాయతీలకు, గిరిజన సహకార సంఘాలకు ట్రాక్టరులాగనే 5 శాతం వేయాలె. రెండు, నేలకూ బండికీ నడుమ జాగను విలాసానికి గుర్తుగా చూడటం మానాలె. మూడు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లను కలుపుకొని వైద్యం, విద్యుత్తు, అటవీ శాఖల బండ్లకు ఒకే కొలతలతో ఒకే టెండరు పిలవాలె. నాలుగు రాష్ట్రాల అడవి ఒకటే, బురద ఒకటే. అంత పెద్ద ఆర్డరు చూపిస్తే కంపెనీలే గేరు పెట్టె పట్టుకొని వస్తాయి. నాలుగు, 108 వ్యాను ఆగే ప్రతి చోట నుంచి గూడెం దాకా పోయే చిన్న నాలుగు చక్రాల అంబులెన్సు ఏజెన్సీ పీహెచ్‌సీకి ఒకటి ఇవ్వాలె. పేరు కోసం కాదు, డ్రైవరుతో, ఇంధనం పైసలతో కలిపి.

ఇందులో ఏ ఒక్కటీ ఆకాశం నుంచి చుక్కలు తెమ్మని అడగడం కాదు. యాభై ఏండ్ల కిందనే 359 సీసీతో ప్రపంచం చేసి చూపించిన పని. సర్పంచులు తీర్మానం చేయాలె, గ్రామసభలో రాయించాలె, ఎమ్మెల్యే కారు గూడేనికి వచ్చినప్పుడు డాంబరు ఆగిన దగ్గర నిలబెట్టి అడగాలె. అయ్యా, ఇక్కడి నుంచి మీ బండి ఎట్లా వస్తుందో చూపించండి. రాకపోతే, వచ్చే బండి మాకివ్వండి.